పొలాలు ప్లాట్లయితే వాన నీరు ఎటు పోవాలి?

విజయవాడ చుట్టుపక్కల పల్లెల్లో రోడ్డు పక్క చేలు ప్లాట్లుగా మారుతున్నాయి. అమ్మిన రైతుకు డబ్బు వస్తుంది. కొన్నవారికి ఇంటి చోటు దొరుకుతుంది. ఆ చేను మీదుగా పారే వాన నీటి సంగతి మాత్రం ఎవరూ అడగడం లేదు.

అడగకపోతే ఏమవుతుందో 2024 సెప్టెంబరు 1న సింగ్ నగర్ లో అందరూ చూశారు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే బుడమేరు ఆ రోజు ఇళ్ల మీద పడింది. వెలగలేరు వద్ద దాని నీటిని కృష్ణానదికి మళ్లించే కాలువ ఉంది. అదే సమయానికి కృష్ణ కూడా పొంగింది. మరునాటికి ప్రకాశం బ్యారేజి వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నిండు నదిలోకి కాలువ నీరు దిగలేదు. కాలువ కట్టకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. సైన్యం వచ్చి చెయ్యి వేస్తేగాని 7వ తేదీకి చివరి గండి పూడలేదు. అంతవరకు జనం మేడల మీద మంచినీళ్లకు, పాలకు ఎదురుచూశారు.

వాన ఎక్కువ కురిసిన మాట నిజమే. 2005లోనూ బుడమేరు ముంచింది. అయినా నగరంలో ఏటి గట్లు ఆక్రమణలతో ఇరుకైపోతూనే వచ్చాయి.

అక్కడ కాపురం పెట్టినవారిని తప్పుపట్టడం సులువు. వారిలో అనేకులు పల్లెల్లో పనిలేక వలస వచ్చినవారే. మెరక స్థలం కొనే స్తోమత లేక పల్లంలో గోడలు లేపుకున్నారు. 2011 లెక్కల నాటికే నగర జనాభా పది లక్షలు దాటింది. కూలివారికి అందే ధరలో చోటు ముందే చూపి ఉంటే ఏటి ఒడ్డుకు ఎవరు పోతారు?

ఇప్పుడు అదే తప్పు పల్లెల్లో జరుగుతోంది. చేను ఉన్నప్పుడు వాన నీరు గట్ల మధ్య నిలిచి ఇంకేది. మిగిలింది బోదెలో పడి మురుగు కాలువకు చేరేది. లారీలతో మట్టి తోలి మెరక చేసి, బోదె పూడ్చి, తూము లేకుండా రోడ్డు వేస్తే ఆ నీరు పక్క చేలోకో, పల్లంలోని పేదల పేటలోకో పోక తప్పదు.

పంచాయతీలు రెవెన్యూవారిని పిలిచి వాగు, డొంక, బోదె, చెరువుల హద్దులకు రాళ్లు వేయించాలి. ఆ పటాన్ని పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. నీటి దారి తేలనిదే లేఅవుటుకు అనుమతి ఇవ్వరాదు. కొనేవారు కూడా ఎండాకాలంలో కాక భాద్రపదం వానల్లో ఆ స్థలం చూడాలి. పక్క చేలోని ముసలి రైతును అడిగితే ఏ వానకు అక్కడ ఎంత లోతు నీరు నిలిచేదో చెబుతాడు.

బుడమేరు గండికి సైన్యం వచ్చింది. పల్లె బోదెకు ఎవరూ రారు. ప్లాట్ల రాళ్లు పాతకముందే గ్రామస్థులు, అధికారులు కదలాలి.