క్షయించే హోదా

స్టార్ అలయన్స్ గోల్డ్ హోదా పొందిన ప్రయాణికునికి అంతర్జాతీయ యానంలో లాంజ్ ప్రవేశం, అదనపు సామాను, ముందుగా విమానమెక్కే అవకాశం సమకూరుతాయి. వృద్ధులైన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని అమెరికా, హైదరాబాదుల మధ్య తిరిగే గృహస్థునకు ఇవి నిజమైన సౌకర్యాలే. వాటిని నిందించడం కపట వైరాగ్యం. వృత్తిధర్మంగా చేసిన ప్రయాణాల వల్ల సంప్రాప్తిస్తే స్వీకరించవచ్చును.

వివేకానికి పరీక్ష సంవత్సరాంతంలో వస్తుంది. మిగిలిన కొద్దిపాటి లోటును పూరించడానికి, ఏ పనీ లేని ఊరికి ఎగిరి వెంటనే తిరిగివచ్చేవారున్నారు. దీనికి ‘మైలేజ్ రన్’ అని నామకరణం కూడా జరిగింది! ఈ హోదా ఆశ లేకున్నా ఆ టికెట్టు కొనేవాడా అని సాధకుడు తన్ను తాను ప్రశ్నించుకోవాలి. పైగా గడువు తీరితే హోదా పోతుంది, మళ్లీ ఆర్జించాలి. పుణ్యం క్షీణించగానే స్వర్గవాసులు మర్త్యలోకానికి దిగివస్తారని గీత చెప్పిన గతి ఇదే.

తైత్తిరీయోపనిషత్తు ఆనందమీమాంసలో మానుషానందం నుండి బ్రహ్మానందం వరకు నూరేసి రెట్లుగా సోపానాలను గణించింది. అయితే మనుష్యగంధర్వుల ఆనందం మొదలుకొని ప్రతి సోపానం వద్దా, కామహతుడు కాని శ్రోత్రియునికి ఆ ఆనందం ఉన్నదని పునరుక్తి చేసింది. సిల్వర్ నుండి గోల్డ్‌కు ఎగబ్రాకేవాడు సోపానాలను మాత్రమే చదువుతున్నాడు.