కెమిస్ట్రీ మనోళ్ళకి రాదట! ఎవరు చెప్పారు?

పోస్టు పొడుగుదే. ఇంటర్ చదివేవాళ్లు, టెన్త్ అయిపోయి ఏ గ్రూపు తీసుకోవాలా అని ఆలోచించేవాళ్లు చివరిదాకా చదవండి. నచ్చకపోతే తిట్టండి, కానీ చదివి తిట్టండి.

టెన్త్ రిజల్ట్స్ రాగానే ప్రతి ఏడాదీ ఇక్కడ ఒకటే ప్రశ్న: "అన్నా, ఏ గ్రూపు తీసుకోమంటారు?" కింద జవాబులు కూడా ఒకటే. "ఎంపీసీ, బైపీసీ జోలికి పోవద్దు తమ్ముడూ. కెమిస్ట్రీ మనకి కష్టం. సీఈసీయో హెచ్ఈసీయో తీసుకో."

సీఈసీ, హెచ్ఈసీ తక్కువవని నేననట్లేదు. ఇష్టంతో తీసుకుంటే మంచిదే. 1997 సమత తీర్పుని చదివి ఊరోళ్లకి విడమరిచి చెప్పే లాయర్లు కూడా మనకి కావాలి. నా గొడవంతా "మనకి" అన్న ఆ ఒక్క మాటతోనే. కెమిస్ట్రీ "మనకి" కష్టమా? అంటే పట్నం పిల్లోడికి పుట్టుకతోనే పరమాణు భారాలు తెలుసా?

చూడండి. సోడియం గుర్తు ఎన్ఏ. ఎస్ఓ అని ఎందుకు పెట్టలేదు? నేట్రియం అనే లాటిన్ మాట నుంచి తీసుకున్నారు కాబట్టి. పొటాషియంకి కే, అది కాలియం. ఇనుముకి ఎఫ్ఈ, అది ఫెర్రమ్. సీసానికి పీబీ, అది ప్లంబమ్. ఇప్పుడు చెప్పండి, హైదరాబాద్‌లో, విజయవాడలో ఎవరింట్లో లాటిన్ మాట్లాడుతున్నారు? కోయ, కువి, సవర, గోండి మాట్లాడే పిల్లకి తెలుగు రెండో భాష, ఇంగ్లీషు మూడోది, నిజమే. ఆ కష్టం చిన్నది కాదు. కానీ కెమిస్ట్రీ భాష దగ్గరికొచ్చేసరికి అందరూ సున్నా నుంచే మొదలుపెడతారు. వాళ్లకి ఆ భాష నేర్పిస్తున్నారు, మనకి నేర్పించట్లేదు. తేడా అదొక్కటే.

మనకి ఏం చేస్తున్నారు? "మీకు పాస్ మార్కులు చాలు, ఈ ఇరవై ప్రశ్నలు బట్టీ కొట్టండి" అంటారు. నేను ఇంటర్ చదివిన చోట ల్యాబ్ తాళం రెండేళ్లలో తీసింది ఒక్కసారే, అదీ ప్రాక్టికల్ పరీక్ష రోజున. మోల్ పాఠం అసలు చెప్పలేదు. "లెక్కలు ఛాయిస్‌లో వదిలేయండి" అన్నారు. మోల్ వదిలేశాక మిగతా కెమిస్ట్రీ ఎలా ఎక్కుతుంది? నాట్లు వేయకుండా కోతకి పోయినట్టు ఉంటుంది.

బయటోళ్లనే అనను. పరీక్షకి వారం ముందు ఈ గ్రూపులో ఏం నడుస్తుంది? గెస్ పేపర్లు, "ఇంపార్టెంట్ క్వశ్చన్స్" ఫొటోలు. వంద మంది దండం బొమ్మ పెడతారు. ఒక్కరైనా "ఈ లెక్క ఎలా వచ్చింది?" అని అడిగారా? మనల్ని పాస్ మార్కుల మనుషులుగా చూసినోళ్ల పని మనమే సగం చేసి పెడుతున్నాం.

సరే, అంత కష్టమా అది? మూడు ముక్కల్లో చెప్తా.

మొదటిది, బంధం. ఒకప్పుడు మన తాతలు చింతపండు, కరక్కాయ మోసుకెళ్లి సంతలో మార్చుకున్న ఉప్పునే తీసుకోండి. సోడియం బయటి కక్ష్యలో ఒక ఎలక్ట్రాన్ ఉంది, దాన్ని వదిలేస్తే నిలకడ. క్లోరిన్‌కి ఒకటి తక్కువ, దొరికితే నిలకడ. ఒకటి ఇచ్చింది, ఒకటి పుచ్చుకుంది. ఇచ్చింది ధనావేశం అయింది, పుచ్చుకుంది రుణావేశం అయింది, రెండూ లాక్కున్నాయి. అయితే ఇక్కడ చాలా గైడ్లు ఒక తప్పు నేర్పిస్తాయి, ఒక సోడియం ఒక క్లోరిన్ జంటగా ఉంటాయని. ఉప్పు గల్లులో జంటలు లేవు. ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరైడ్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు, అలా గల్లు చివరిదాకా కట్టుబడి ఉంటాయి. అందుకే ఉప్పు కరగాలంటే 800 డిగ్రీల వేడి కావాలి. నీళ్లలో వేస్తే మాత్రం అయాన్లు విడిపోతాయి, అప్పుడు కరెంటు పారుతుంది. అదే నీటిలో అయితే ఎవరూ ఎవరికీ పూర్తిగా ఇచ్చేయరు. ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు ఎలక్ట్రాన్లని పంచుకుంటాయి. మొదటిది అయానిక బంధం, రెండోది సమయోజనీయ బంధం. అర్థమైందిగా? ఇందులో మన బుర్రకి ఎక్కనిది ఏముంది?

రెండోది, చర్య. సున్నపు రాయి కాలిస్తే సున్నం వస్తుందని మనూళ్లలో ముసలమ్మకి కూడా తెలుసు. కెమిస్ట్రీ దానికి లెక్క చెప్తుంది. కాల్షియం 40, కార్బన్ 12, ఆక్సిజన్ మూడు గనక 48. మొత్తం 100. కాలిస్తే కార్బన్ డై ఆక్సైడ్ పోతుంది, దాని బరువు 44. మిగిలింది 56, అదే పొడి సున్నం. అంటే 100 కిలోల శుద్ధమైన రాయి పూర్తిగా కాలితే 56 కిలోలే వస్తుంది. మిగతా 44 కిలోలు ఎవడూ ఎత్తుకుపోలేదు, గాల్లో కలిసింది. ఆ 56 కిలోలకి 18 కిలోల నీళ్లు తగిలితే సలసలా కాగి 74 కిలోల తడి సున్నం అవుతుంది. దాన్ని గోడకి పూస్తే గాల్లో ఉన్న కార్బన్ డై ఆక్సైడ్‌ని మెల్లగా పీల్చుకుని మళ్లీ రాయిగా గట్టిపడుతుంది. రాయి నుంచి రాయి దాకా ఒక చుట్టు. ఏ పరమాణువూ పుట్టలేదు, ఏదీ చావలేదు. సమీకరణం తుల్యం చేయడమంటే ఇంతే.

మూడోది, శాతం లెక్క. పొలంలో వేసే యూరియా తీసుకోండి. నైట్రోజన్ రెండు 28, కార్బన్ 12, ఆక్సిజన్ 16, హైడ్రోజన్ నాలుగు 4. మొత్తం 60. 28ని 60తో భాగించి 100తో గుణిస్తే 46.67. బస్తా మీద 46 అని ఎందుకు రాశారో తెలిసిపోయింది. బస్తా ఇప్పుడు 50 కాదు, 45 కిలోలు. అందులో ఉన్న నైట్రోజన్ 20.7 కిలోలు. నాన్న ఎరువుల కొట్టుకి వెళ్లినప్పుడు "ఇదీ యూరియా లాంటిదే, చవక" అని ఇంకేదో అంటగడితే, బస్తా రేటు చూడకండి. అందులో ఉన్న నైట్రోజన్ కిలోకి ఎంత పడిందో చూడండి. ఈ లెక్క వచ్చిన పిల్ల ఇంట్లో ఉంటే ఆ కొట్టువాడి ఆట సాగదు.

మోల్ అంటారా? అణువుల్ని ఒక్కోటి లెక్కపెట్టలేం కాబట్టి తూచి లెక్కపెట్టే పద్ధతి అది. వంద నిమ్మకాయలు, వంద గుడ్లు. లెక్క ఒకటే, బరువు వేరు. అలాగే 12 గ్రాముల కార్బన్‌లో ఎన్ని పరమాణువులున్నాయో 16 గ్రాముల ఆక్సిజన్‌లోనూ అన్నే. ఆ సంఖ్యకి పెట్టిన పేరే మోల్. దాని పక్కన 23 సున్నాలంత పెద్ద అంకె ఉందని భయపడకండి. మనం వాడేది బరువులే.

ఇప్పుడు ఇంకోవైపు వాళ్ల సంగతి. ఈ గ్రూపులోనే కొందరు అన్నలు "మన పూర్వీకులకి అన్నీ తెలుసు, మనకి వాళ్ల సైన్స్ ఎందుకు" అని పోస్టులు పెడతారు. వినడానికి బాగుంటుంది. ఇప్పపూవు నానబెట్టి పులియబెట్టడం మనోళ్లకి తెలుసు, ఒప్పుకుంటా. 180 గ్రాముల గ్లూకోజ్ పులిస్తే 92 గ్రాముల ఆల్కహాల్, 88 గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్ అవుతుందని, కుండలో లేచే నురగ అదేనని తెలుసా? (తాగమని చెప్పట్లేదు, లెక్క చూడమంటున్నా.) చేయడం తెలిసుండటం ఒకటి, ఎందుకు అవుతుందో, ఎంత అవుతుందో చెప్పగలగడం ఇంకొకటి. మొదటిది మన ఆస్తి. రెండోది కూడా మన ఆస్తి కావాలి. పూర్వీకుల పేరు చెప్పి పిల్లల్ని పుస్తకానికి దూరం చేస్తే అది గౌరవం కాదు, బద్ధకం.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, మన కొండల మీద జరిగే గొడవలన్నిటిలోనూ కెమిస్ట్రీ ఉంది.

విశాఖ ఏజెన్సీ బాక్సైట్ సంగతి అందరికీ తెలుసు. 2015లో జీవో 97 ఇచ్చారు, పోరాటాలు జరిగాయి, 2019లో రద్దు చేశారు. మళ్లీ ఎవరూ రారని గ్యారంటీ ఏమీ లేదు. వచ్చినోళ్లు టన్నులు, శాతాలు, ఉద్యోగాలు అని మాట్లాడతారు. మన చేతిలో ఏముండాలి? అల్యూమినాలో అల్యూమినియం రెండు 54, ఆక్సిజన్ మూడు 48, మొత్తం 102. అంటే లోహం దాదాపు 53 శాతం. ఒక టన్ను ఖనిజంలో 45 శాతం అల్యూమినా ఉందనుకోండి, 450 కిలోలు. అందులో లోహం 238 కిలోలు, అదీ చుక్క కూడా వృథా కాకపోతే. మరి మిగతా 762 కిలోలు ఎక్కడికి పోతాయి? కొంత ఆక్సిజన్, కొంత నీరు, పెద్ద భాగం ఎర్ర బురద. కాస్టిక్ సోడాతో ఉడికించి తీస్తారు కాబట్టి ఆ బురద ఒళ్లు కాల్చే క్షారం. 2010 అక్టోబర్‌లో హంగరీలోని అయ్‌కా దగ్గర అలాంటి బురద చెరువు కట్ట తెగి ఊళ్లని ముంచింది, పది మంది చనిపోయారు. గ్రామసభలో లేచి "సార్, టన్నుకి బురద ఎంత, ఎక్కడ పెడతారు, ఏ వాగు పక్కన?" అని అడగాలంటే ఈ లెక్క రావాలి.

బయ్యారం చూడండి. ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు చూడాలని 2014 విభజన చట్టంలోనే రాశారు. తర్వాత ఖనిజం నాణ్యత తక్కువ అన్న మాట వినపడింది. ఎంత ఉంటే ఎక్కువ, ఎంత ఉంటే తక్కువ? శుద్ధమైన హెమటైట్‌లో ఇనుము రెండు 112, ఆక్సిజన్ మూడు 48, మొత్తం 160. ఇనుము సరిగ్గా 70 శాతం. అంతకన్నా ఎక్కువ ఏ హెమటైట్‌లోనూ ఉండదు. ఈ ఒక్క అంకె తెలిస్తే ఎవరు ఏ శాతం చెప్పినా దేనితో పోల్చాలో తెలుస్తుంది. తెలియకపోతే వాళ్లు చెప్పిందే వేదం.

ఇక సికిల్ సెల్. మన ఊళ్లలో పిల్లలు కీళ్ల నొప్పులతో ఏడుస్తుంటే గాలి సోకిందనుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. రక్తంలో హిమోగ్లోబిన్ అనే ప్రోటీన్‌లో ఒక్క చోట, గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ వస్తుంది. మొదటిది ఆవేశం ఉన్నది, నీటితో కలిసిపోతుంది. రెండోది నీటిని ఇష్టపడదు. అందుకే ఆక్సిజన్ తగ్గినప్పుడు అణువులు ఒకదానికొకటి అతుక్కుని పోగులవుతాయి, ఎర్ర కణం కొడవలిలా వంగుతుంది. ఇందాక చెప్పుకున్న బంధాల పాఠమే మన చెల్లి ఒంట్లో నడుస్తోంది. 2023లో కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది. కార్డులు ఇస్తారు. ఆ కార్డు మీద రాసింది మన భాషలో అమ్మకి ఎవరు చెప్తారు?

చివరిగా జీవో 3. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు మనకే అన్న జీవోని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాని కోసం ధర్నాలు చేశాం, చేస్తాం, చేయాలి. కానీ ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోకండి. రేపు ఆ హక్కు తిరిగొస్తే ఫిజికల్ సైన్స్ పోస్టుల్లో కూర్చోడానికి మనోళ్లు ఎంతమంది రెడీగా ఉన్నారు? "కెమిస్ట్రీ మనకి కష్టం" అని ఇంటర్‌లోనే తప్పిస్తే బీఎస్సీ ఎవరు చేస్తారు, బీఈడీ ఎవరు చేస్తారు? పోస్టు మనది అవుతుంది, మనిషి ఉండడు. అప్పుడు "అర్హులు దొరకలేదు" అని ఫైల్ మీద రాసేస్తారు.

అందుకే మాటలు ఆపి పని చేద్దాం. నేను అడిగేవి ఇవి.

ఒకటి. దసరా, సంక్రాంతి సెలవులకి ఊరొచ్చే డిగ్రీ, పీజీ అన్నలూ అక్కలూ, హాస్టల్ పిల్లలకి పది సాయంత్రాలు ఇవ్వండి. వరస ఇదీ: గుర్తులు, సంయోజకతలు, ఫార్ములా రాయడం, సమీకరణం తుల్యం చేయడం, పరమాణు భారం, మోల్, శాతం లెక్క. ఈ ఏడు మెట్లు ఎక్కితే మిగతాది వాళ్లే ఎక్కుతారు. వీలైతే మన భాషలోనే చెప్పండి.

రెండు. ల్యాబ్ అడగండి. పసుపు మీద సున్నం పడితే ఎర్రబడటం, మందార రెక్కల రసం నిమ్మరసంలో రంగు మారడం ఇంట్లోనే చూపించొచ్చు, చూపించండి. కానీ ఇంట్లో పసుపు ఉంది కదా అని ల్యాబ్ హక్కు వదులుకోవద్దు. ఏడాదిలో ఎన్ని ప్రాక్టికల్స్ చేయించారో సమాచార హక్కు కింద రాసి అడగండి.

మూడు. ఈసారి నుంచి ఈ గ్రూపులో ఎవరైనా గెస్ పేపర్ అడిగితే, పేపర్ బదులు ఒక లెక్క పెట్టండి, ఎలా చేయాలో కూడా రాయండి.

మొదటి లెక్క నేనే ఇస్తున్నా. అమ్మోనియం సల్ఫేట్‌లో నైట్రోజన్ రెండు, హైడ్రోజన్ ఎనిమిది, సల్ఫర్ ఒకటి, ఆక్సిజన్ నాలుగు. సల్ఫర్ భారం 32, మిగతావి పైన ఉన్నాయి. నైట్రోజన్ ఎంత శాతం? 50 కిలోల బస్తాలో ఎన్ని కిలోలు? ఇంటర్ తమ్ముళ్లూ చెల్లెళ్లూ, జవాబు ఒక్కటే కాదు, మెట్లు కూడా కామెంట్లో రాయండి. తప్పొస్తే ఎవరూ నవ్వొద్దు, సరిచేయండి.

జోహార్.