పాల లెక్క ముందే తేలాలి

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో 1,208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరు నెలకొల్పాలన్నది కేంద్రం సంకల్పం. భూసేకరణ, పరిహారం, పునరావాసాల మీద ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. ఆ చుట్టుపక్కల ఊళ్ల పాలలో, కూరగాయల్లో, చేపల్లో ఇవాళ రేడియోధార్మికత ఎంత ఉందన్న ప్రశ్న మాత్రం ఆ వాదనల్లో వెనకబడిపోయింది. పునాది తవ్వకముందే తేలాల్సిన లెక్క ఇది.

అన్నిటికంటే ముందు పాలనే ఎందుకు పరీక్షించాలి? గాలిలోకి వెలువడిన అయోడిన్-131 పచ్చిక మీద పడుతుంది. ఆవు దాన్ని మేస్తే ఒకటి రెండు రోజుల్లోనే పాలలో తేలుతుంది. పసిపిల్లలు పాలు ఎక్కువ తాగుతారు, వారి థైరాయిడ్ గ్రంథి చిన్నది; అందుకే దెబ్బ తగిలేది వారికే. 1957 అక్టోబరులో బ్రిటన్‌లోని విండ్‌స్కేల్ రియాక్టరులో మంటలు లేచినప్పుడు దాదాపు 500 చదరపు కిలోమీటర్ల పరిధిలోని పాలను అక్కడి అధికారులు పారబోయించారు. 1986లో చెర్నోబిల్ పేలినప్పుడు సోవియట్ యంత్రాంగం అంత చురుగ్గా కదల్లేదు. నాటి పిల్లల్లో, కౌమారుల్లో 2005 నాటికి 6 వేలకు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు బయటపడ్డాయి. వాటిలో చాలావాటికి కలుషితమైన పాలే మూలం.

మన దేశంలో నిఘా లేదనలేం. ప్రతి అణు విద్యుత్కేంద్రం వద్దా భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) పర్యావరణ ప్రయోగశాల నడుపుతోంది. పరిసరాల నుంచి నీరు, మట్టి, పాలు, పంటల నమూనాలు సేకరిస్తోంది. ప్రజలకు ఏడాదికి ఒక మిల్లీసీవర్ట్ రేడియేషన్ అన్న పరిమితిలో చాలా తక్కువే నమోదవుతోందని అధికారిక నివేదికల సారాంశం. ఆ లెక్క తప్పని మేం అనడం లేదు. కానీ రియాక్టర్లు నడిపే ఎన్‌పీసీఐఎల్, కొలిచే బార్క్ రెండూ అణుశక్తి విభాగం గొడుగు కిందివే. అణుశక్తి నియంత్రణ మండలికి తగిన స్వతంత్రత లేదని 2012లోనే కాగ్ తప్పుబట్టింది. పరీక్ష రాసినవారే పేపరు దిద్దుకుంటే వచ్చిన మార్కులు నిజమైనా ఎవరూ నమ్మరు.

కొవ్వాడ విషయంలో తొలి కొలత మరీ ముఖ్యం. శ్రీకాకుళం తీరపు ఇసుకలో థోరియం ఉన్న మోనజైట్ సహజంగానే ఉంది. గత శతాబ్దపు అణుబాంబు పరీక్షల సీజియం-137 నేటికీ ప్రపంచమంతటా నేలల్లో మిగిలే ఉంది. దాని అర్ధాయువు 30 ఏళ్లు. రేపు ఒక పాల నమూనాలో సీజియం కనిపిస్తే అది పాత బాంబులదా, కొత్త రియాక్టరుదా? నేటి లెక్క చేతిలో లేకపోతే రైతు నష్టాన్ని నిరూపించలేడు, సంస్థ తన నిర్దోషిత్వాన్నీ నిరూపించుకోలేదు.

పాల కేంద్రంలో వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వేతర ఘనపదార్థాలు) చూసే యంత్రానికి ఈ రేడియోధార్మిక పదార్థాలేవీ అందవు. అయోడిన్, సీజియంలకు గామా స్పెక్ట్రోమీటర్ కావాలి. స్ట్రాన్షియం-90 దానికీ చిక్కదు. రసాయనికంగా వేరుచేసి కొలవాలి. అయోడిన్-131 అర్ధాయువు 8 రోజులే. నెలకోసారి నమూనా తీస్తే దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే.

పరీక్షలంటే జనం హడలిపోతారని, సరుకు ధర పడిపోతుందని కొందరి వాదన. ఫుకుషిమా అనుభవం దీనికి సమాధానం. 2011 ప్రమాదం తర్వాత జపాన్ పాలకు కిలోకు 50 బెకరెల్స్, సాధారణ ఆహారానికి 100 బెకరెల్స్ పరిమితి పెట్టింది. ఫుకుషిమా జిల్లా 2012 పంట నుంచి ఏటా దాదాపు కోటి బియ్యం బస్తాలను ఒక్కొక్కటిగా యంత్రంలో పెట్టి చూసింది. పరిమితి దాటిన బస్తా ఏళ్ల తరబడి దొరకకపోయాకే, 2020లో చాలా ప్రాంతాల్లో నమూనా పరీక్షలకు మారింది. రైతుకు గిరాకీ కాపాడేది దాపరికం కాదు, బయటపెట్టిన అంకెలే.

అందుకే కొవ్వాడలో మొదటి ఇటుక పడకముందే అన్ని రుతువుల్లోనూ పాలు, పంటలు, చేపల కొలతలు పూర్తికావాలి. అణుశక్తి విభాగంతో సంబంధం లేని విశ్వవిద్యాలయ ప్రయోగశాల ఆ పని చేయాలి. రియాక్టరు నడవడం మొదలయ్యాక పాలకు వారంవారం పరీక్ష జరగాలి. ఊరి పేరుతో సహా ఫలితాలు తెలుగులో పంచాయతీ కార్యాలయంలో, పాల కేంద్రంలో అతికించాలి. ఈ షరతులకు చట్టబద్ధత లేకుండా కొవ్వాడకు తుది అనుమతి ఇవ్వకూడదు. రాష్ట్ర ప్రభుత్వం ఈ మాట కేంద్రానికి ఇప్పుడే, రాతపూర్వకంగా చెప్పాలి.