తావు వ్రాయని రాళ్లు

మా విద్యార్థులు నేటికిని తిమింగిలమును చేపల పట్టికలోనే వ్రాయుచుందురు. నీట నుండునది చేప గాక మఱేమని వారి తర్కము. వారిని మందలింప నాకు నోరు రాదు, పండితులును మోసపోయినవారే. ఆదికాలపు తిమింగిలముల పండ్లను జూచి, అవి గిట్టలుగల యొక మాంసాహార జాతి సంతతి యని చిరకాలము నమ్మిరి. పాకిస్తానమున దొరికిన చీలమండ యెముకలను గూర్చి 2001లో వెలువడిన వ్యాసములు ఆ మాటను త్రోసివేసెను. అవి జింక, పంది, నీటిగుఱ్ఱముల చీలమండలను బోలియుండెను.

అంతకంటె నా మనస్సున నాటినది ఎ. రంగారావుగారి రాళ్ల కథ. ఈ భూగర్భశాస్త్రజ్ఞుడు జమ్మూ ప్రాంతపు కాలాకోట్ కడ దొరికిన యొక జంతువునకు 1971లో ఇండోహ్యూస్ అని పేరిడెను. పిల్లియంత గిట్టల జంతువది. సుమారు 4 కోట్ల 80 లక్షల యేండ్ల నాటిది. ఆయన గతించిన పిదప, పగులగొట్టని రాళ్లు భార్యచే భద్రపఱుపబడి హాన్స్ థెవిస్సెన్ గారికి చేరెను. శుభ్రపఱచుచుండగా నొక కపాలము పొరపాటున విఱిగెను. చూడగా, చెవియెముక లోపలిగోడ అచ్చముగా తిమింగిలములకువలె దళసరిగా నుండెను! ఈ సంగతి 2007లో ప్రకటింపబడెను. ఆమె ఆ రాళ్లను పెరటిలో పారబోసియున్నచో?

మన యిల్లెందు బొగ్గుగనుల చెంత తిమింగిలములు లేవు. అంతకు 20 కోట్ల యేండ్లకు పైగా ముందటి ఆకుల అచ్చులు పలకరాళ్లపై గలవు. బాలురు వానిని తెచ్చి నా బల్లపై పెట్టుదురు. ఎచ్చట దొరికెనన్న తెల్లమొగము వేయుదురు. తావు తెలియని రాయి కాగితములపై బరువునకే పనికివచ్చును. పాఠశాలకొక బీరువా, రాయికొక చీటీ, దానిపై ఊరు, వాగు, తేదీ: ఇంతియే నేను కోరునది. ఈ యేట గాజుబుడ్లు కొనకున్నను సరియే.