వాడ మాటలు - 19: ఇడ్లీకి అడ్డం పెట్టిన పీహెచ్‌డీ



కిందటి ఆదివారం ఏలూరు నుంచి వస్తూ హనుమాన్ జంక్షన్‌లో, హైవే పక్కనున్న ఒక ఏసీ హోటల్ దగ్గర ఆగాం. కారు పక్కకి పెట్టి వచ్చేసరికి నాన్న గుమ్మం దగ్గరే ఉన్నాడు. పంచె, భుజాన తువ్వాలు, హవాయి చెప్పులు. యూనిఫాం కుర్రాడు "పార్సిలైతే అటు పక్క తాతా" అంటున్నాడు. నాన్న అప్పటికే అటు కదులుతున్నాడు కూడా.

నాకు ఒళ్లు మండిపోయింది. "మా నాన్నగారయ్యా! నేను లెక్చరర్ని, డాక్టరేట్ చేశాను" అన్నాను. తెలుగు సాహిత్యంలో చేసిన పీహెచ్‌డీ ఇన్నేళ్లకి ఇలా పనికొచ్చింది. కుర్రాడు కంగారుపడి ఏసీ కింద బల్ల చూపించాడు. గెలిచాననుకున్నాను. నాన్న ఇడ్లీ తుంచుతూ అడిగాడు: "నువ్వు రాకపోతే నేను ఇక్కడ కూచుని తినకూడదేంట్రా?"

జవాబు దొరకలేదు. 2017 జూన్ 25 గుర్తొచ్చింది. ఆ రోజు ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బుకి మేఘాలయ ఖాసీ మహిళ ఒకామె, తన యజమానురాలితో పాటు భోజనానికి అతిథిగా వెళ్లింది. తమ జైన్‌సెమ్ కట్టుకుంది. సిబ్బంది వచ్చి, పనిమనిషిలా ఉన్నావు, బయటికి వెళ్లమన్నారు. దేశమంతా గొడవైంది, క్లబ్బు విచారం తెలిపింది. అప్పుడు మనలో చాలామందిమి ఏం వాదించాం? ఆమె పనిమనిషి కాదు, గవర్నెస్. అది వాళ్ల సంప్రదాయ దుస్తులు అని. నేనూ అదే అన్నాను. అంటే నిజంగా పనిమనిషే అయితే లేపెయ్యొచ్చా?

గోల్ఫ్‌లో బ్యాగు మోసేవాణ్ని క్యాడీ అంటారు. అదే క్లబ్బులో క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ టైటిల్ గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ ఆయనే. మోసేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, వడ్డించేవాళ్లు లేనిదే ఆ క్లబ్బు ఒక్క పూట నడవదు. వాళ్లలాంటి మనిషి భోజనాల బల్ల దగ్గర కూచుంటే మాత్రం లేపడానికి మనిషొస్తాడు.

1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో, ఇప్పటి 15వ అధికరణం మీద చర్చలో, 'దుకాణం' అంటే ఏంటన్న ప్రశ్న వచ్చింది. బాబాసాహెబ్ ఆ మాటకి విశాలమైన అర్థం చెప్పాడు: ధరకీ షరతులకీ ఒప్పుకున్నవాళ్లకి సేవ అందించే చోటు ఏదైనా సరే. క్షౌరశాల అయినా, లాండ్రీ అయినా. అందులో కొడుకు ఉద్యోగం ప్రస్తావన లేదు. నాన్న జేబులో ఇడ్లీకి సరిపడా డబ్బుంది. ఆ సంగతి చెప్పాల్సిన చోట నేను నా డిగ్రీ చెప్పాను.

కుర్రాడి మీద కోపం లేదు. పక్కూరి పేట వాడేనట, నాన్న అడిగి తెలుసుకున్నాడు. ఉద్యోగంలో చేరినప్పుడు వాడికి నవ్వడం నేర్పి ఉంటారు. ఎవర్ని చూసి నవ్వక్కర్లేదో మేనేజరు నోటితో చెప్పాల్సిన అవసరం కూడా ఉండదు.

వచ్చే నెల మళ్లీ ఏలూరు వెళ్లాలి. ఈసారి నాన్నని ముందు దింపి, నేను కార్లోనే కూచుంటాను. లోపలికి వెళ్లనిచ్చారో లేదో ఇక్కడే రాస్తాను.