మొలలనుకుంటే మోసం

ముప్పై ఏళ్ల మనిషికి మలంలో రక్తం పడితే మన ఊళ్లలో మొదట వినిపించే మాట మొలలు. వేడి చేసిందంటారు, కారం తగ్గించమంటారు, బోర్డు కట్టిన పైల్స్ వైద్యుడి దగ్గరికి పంపిస్తారు. చాలాసార్లు అవి మొలలే. కానీ వయసు చిన్నదే కదా అని వేలితో పరీక్షైనా చెయ్యకుండా పంపేసిన వారిలో కొందరికి ఉండేది సిగ్నెట్ రింగ్ సెల్ కార్సినోమా. పెద్దపేగు క్యాన్సర్లలో అరుదైనది, మహా మొండిది.

ప్రపంచం మొత్తం మీద పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్లలో దీని వాటా ఒక శాతం దరిదాపుల్లోనే. ముంబయిలోని టాటా మెమోరియల్ వైద్యులు 2017లో ప్రచురించిన తమ రోగుల వివరాల్లో మాత్రం అది పది శాతం దాటింది. రోగుల్లో సగం మంది యాభై ఏళ్లు కూడా నిండనివారు. అలాంటి పెద్దాసుపత్రికి కష్టమైన కేసులే ఎక్కువగా చేరతాయి కనుక ఆ అంకెను దేశమంతటికీ వర్తింపజేయలేం. అయినా తేలిగ్గా తీసుకోదగ్గది కాదు.

ఈ క్యాన్సర్ కణం నిండా మ్యూసిన్ అనే జిగురు ఊరి, కేంద్రకాన్ని ఒక అంచుకు నెట్టేస్తుంది. మైక్రోస్కోపు కింద అచ్చం రాయి పొదిగిన ఉంగరమే. కణితిలో సగానికి మించి ఇలాంటి కణాలుంటేనే ఈ పేరు పెడతారు. ఇవి ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉండవు. విడివిడిగా పేగు గోడలోకి చొరబడతాయి. దాంతో కొందరిలో గడ్డ పైకి తేలకుండానే గోడ దళసరెక్కి, బిగుసుకుపోయి, దారి ఇరుకవుతుంది. చిక్కంతా ఇక్కడే. కొలనోస్కోపీలో పైపొర మామూలుగానే కనిపించవచ్చు. పైపైన తీసిన ముక్కలో ఏమీ తేలకపోవచ్చు. టీబీ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఇరుకైన పేగును చూసి పేగు టీబీ అనుకుని నెలల తరబడి మందులు వాడించే ప్రమాదమూ ఉంది. అనుమానం తీరకపోతే లోతుగా మళ్లీ ముక్క తీయాల్సిందే. క్యాన్సర్ జాడ కోసం చేసే సీఈఏ రక్తపరీక్ష బాగానే ఉందని నిశ్చింతగా కూర్చోవడానికీ వీల్లేదు.

మామూలు రకం ఎక్కువగా కాలేయానికి పాకితే, ఇది లింఫు గ్రంథులకు, ఉదరపొరకు, స్త్రీలలో అండాశయాలకు పాకుతుంది. చాలామందిలో బయటపడేసరికే మూడో దశో నాలుగో దశో అయి ఉంటుంది. పొట్టలో నీరు చేరాకే ఆస్పత్రికి వచ్చేవారూ ఉన్నారు. ఇదే కణం జీర్ణాశయ క్యాన్సర్‌లో ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, అసలు పుట్టుక అక్కడ కాదని ఎండోస్కోపీతో తేల్చుకోవాలి.

దీనికంటూ ప్రత్యేకమైన మందు లేదు. శస్త్రచికిత్స, కీమోథెరపీ, పురీషనాళమైతే రేడియేషన్. కొందరి కణితుల్లో డీఎన్‌ఏ తప్పులను సరిదిద్దే యంత్రాంగం చెడిపోయి ఉంటుంది; ఎంఎస్‌ఐ పరీక్ష చెప్పేది అదే. వ్యాధి పాకిన అలాంటివారికి తొలి చికిత్సగానే పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇవ్వడానికి అమెరికా 2020లో అనుమతించింది. ఆ మందు ఖరీదు మన మధ్యతరగతికి కూడా అందనిదే. పరీక్ష సంగతి అలా కాదు. చిన్న వయసులో ఈ క్యాన్సర్ తేలిన ప్రతి ఒక్కరికీ, డబ్బుందా లేదా అని చూడకుండా, బయాప్సీతోపాటే ఆ పరీక్షా ప్రభుత్వ ఖర్చుతో జరగాలి. లోపం వంశపారంపర్యమని తేలితే తోబుట్టువులకు ముందే కొలనోస్కోపీ చేయించే వీలుంటుంది.