‘మానేసింది’ అని రాసిందెవరు?

2011లో మా పెద్దమ్మతో క్యాన్సర్ డాక్టరు ‘నువ్వు’ అని మాట్లాడారు. నిరుడు మరో ఆసుపత్రిలో నాతో మాట్లాడిన డాక్టరు ‘మీరు’ అన్నారు, ‘మేడం’ అన్నారు. ఇద్దరికీ వచ్చింది రొమ్ము క్యాన్సరే. ఇద్దరం నల్లగొండ జిల్లాలోని ఒకే మాదిగవాడలో పుట్టినవాళ్లం. శస్త్రచికిత్స తర్వాత ఇద్దరి ముందూ నిలిచిన విషయం కూడా ఒకటే: కీమోథెరపీ తీసుకోవాలా, వద్దా? ఆమెకు అది ఆజ్ఞగా అందింది. నాకు ప్రశ్నగా అందింది. జవాబు వెతుక్కోవడానికి మూడు వారాల వ్యవధి కూడా దొరికింది.

గడ్డను తీసేశాక కీమో దేనికి అన్నది చదువుకున్నవారికీ కలిగే సందేహమే. కత్తి కంటికి కనిపించే గడ్డను మాత్రమే తొలగించగలదు. అప్పటికే కొన్ని కణాలు ఎముకలకో, కాలేయానికో, ఊపిరితిత్తులకో చేరి ఉండవచ్చు. ఏ స్కానుకూ దొరకని ఆ కణాలను చంపడానికే శస్త్రచికిత్సానంతర కీమో ఇస్తారు. ఇటలీలోని మిలాన్ నగరంలో బొనడోన్నా బృందం జరిపి, 1976లో ప్రకటించిన పరిశోధన ఈ పద్ధతికి పునాదుల్లో ఒకటి. అయితే ఎవరి శరీరంలో ఆ కణాలు మిగిలాయో ముందుగా ఎవరూ చెప్పలేరు. కీమో తీసుకున్నవారిలో కొందరు దానివల్లే బతుకుతారు. కొందరు అది లేకున్నా బతికేవారే. మరికొందరికి అది తీసుకున్నా రోగం తిరగబడుతుంది. ఇంత అనిశ్చితి ఉన్నచోట మందుతోపాటు మాట కూడా చికిత్సలో భాగమే.

మా పెద్దమ్మకు ఆ మాట దక్కలేదు. ‘గడ్డ తీసేసిన్రు గద బిడ్డా, మళ్ల ఈ సూదులెందుకు?’ అని ఆమె నన్నే అడిగింది. పరిశోధన ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన నాకు జవాబు తెలియదు. కనుక్కొని చెప్పాలని కూడా తోచలేదు. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్‌కు గానీ మందుకు గానీ ఆమె డబ్బు కట్టనక్కరలేదు. 21 రోజులకొకటి చొప్పున ఆరు విడతలన్నారు. మొదటి విడతకే జుట్టు రాలింది. రెండో విడతకు నోరంతా పూసి మెతుకు మింగలేకపోయింది. మూడో విడత తేదీకి ఊళ్లో నాట్లు మొదలయ్యాయి. ఒంట్లో సత్తువ లేకున్నా గట్టున నిలబడి నారు అందిస్తే ఎంతో కొంత కూలి వస్తుంది. ఆసుపత్రికి పోతే ఆ కూలి పోతుంది, తోడొచ్చే కొడుకు కూలీ పోతుంది. లేని గడ్డ కోసం రెండు కూళ్లు పోగొట్టుకోవడం ఆమె లెక్కకు అందలేదు. ఆమెకు చెప్పినంత మేరకు ఆ లెక్క తప్పు కూడా కాదు. రెండేళ్లకు రోగం వెన్నెముకలో తేలింది. మరుసటి ఏడాది ఆమె పోయింది.

నా ఆపరేషన్ తర్వాత ఆ పాత ఫైలు తీయించి చదివాను. అంగీకార పత్రం మీద ఆమె వేలిముద్ర లేదు, కొడుకు సంతకం ఉంది. గడ్డ పరీక్ష నివేదికలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్, హెర్–2 మూడూ ‘నెగెటివ్’ అని ఉంది. చంక గ్రంథులకు కూడా వ్యాధి పాకిందని ఉంది. ట్రిపుల్ నెగెటివ్ అనే ఈ రకానికి హార్మోను మాత్రలు పనిచేయవు. శస్త్రచికిత్స తర్వాత ఆనాడు దానికున్న మందు కీమో ఒక్కటే. పూర్తి చేసి ఉంటే ఆమె బతికేదని నేను చెప్పలేను. కీమో ఎవరికి అత్యవసరమో ఆ వరుసలో ఆమె ముందున్నదని మాత్రం చెప్పగలను. ఫైలు చివరి పుటలో ఇంగ్లీషులో ఒకే ఒక్క వాక్యం ఉంది: రోగి చికిత్స మానేసింది.

ఇక నా ఫైలు. వయసు 47. గడ్డ చిన్నది, హార్మోను గ్రాహకాలు ఉన్నాయి, హెర్–2 లేదు, గ్రంథులకు పాకలేదు. డాక్టరు ఆంకోటైప్ డిఎక్స్ అనే పరీక్ష గురించి చెప్పారు. గడ్డలోని 21 జన్యువుల తీరును బట్టి అది వ్యాధి తిరగబెట్టే ముప్పును అంకెల్లో అంచనా వేస్తుంది. నమూనాను అమెరికాకు పంపాలి. ఖర్చు నా నెల జీతాన్ని మించింది. నాకు వచ్చిన అంకె 17. పదివేల మందికి పైగా స్త్రీలు పాల్గొన్న టెయిలర్‌ఎక్స్ అధ్యయనం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. గ్రంథులకు పాకని హార్మోను రకంలో, 11 నుంచి 25 మధ్య అంకె వచ్చినవారికి మొత్తం మీద హార్మోను చికిత్స ఒక్కటే కీమోకు తీసిపోలేదని అది తేల్చింది. కానీ 50 ఏళ్ల లోపువారిలో 16–20 మధ్య అంకె ఉంటే, దూరపు అవయవాల్లో వ్యాధి తిరగబెట్టడం కీమోతో సుమారు 1.6 శాతం తగ్గింది. అంటే నాలాంటి వందమంది కీమో తీసుకుంటే ఒకరికో ఇద్దరికో మేలు. ఆ మేలులో కొంత, కీమో వల్ల అండాశయాలు పనిచేయడం ఆగిపోవడం వల్ల వచ్చినదే కావచ్చునన్న వాదన ఉంది. ఆ పనిని ఇంజెక్షన్లతోనూ చేయవచ్చు.

ఆ ఒకరిద్దరిలో నేనుంటే? ఈ ప్రశ్నతో నిద్రలేని రాత్రులు గడిపాను. జీవరసాయన శాస్త్రం బోధించే సహోద్యోగి పక్కన కూర్చొని అధ్యయనాన్ని చదివి వివరించారు. రెండో డాక్టరు అభిప్రాయం తీసుకున్నాను. కీమో వల్ల అరుదుగానైనా గుండె దెబ్బతినవచ్చని, కొన్ని మందులతో వేళ్ల తిమ్మిరి ఏళ్ల తరబడి ఉండిపోవచ్చని తెలుసుకున్నాను. చివరికి కీమో వద్దని, అండాశయాలను ఆపే ఇంజెక్షన్, హార్మోను మాత్ర చాలని నిర్ణయించుకున్నాను. ఇది ఎవరికీ సలహా కాదు. నా అంకె, నా గడ్డ రకం వేరుగా ఉంటే నా జవాబూ వేరుగా ఉండేది.

కీమోను పెద్దమ్మా తీసుకోలేదు, నేనూ తీసుకోలేదు. ఆమెది ‘మానేయడం’, నాది ‘నిర్ణయం’. ఇద్దరి గడ్డల మధ్య తేడా జీవశాస్త్రానిది, దానికి కులాన్ని నిందించను. ఈ రెండు మాటల మధ్య తేడా మాత్రం సమాజానిది.

ఇది పేదరికం సమస్య కదా, కులం ఎందుకని కొందరు మిత్రులు అడుగుతారు. ఖరీదైన మందుకు డబ్బు ప్రభుత్వమే ఇచ్చింది. పెద్దమ్మకు అందనిది పైసా ఖర్చులేని వివరణ. ఊరి పేరు, వాడ పేరు, కట్టు, యాస చూసి ‘వీళ్లకు చెప్పినా అర్థం కాదు’ అన్న తీర్పు ఆమె నోరు తెరవకముందే వెలువడింది. అక్షరాన్ని ఆ తరానికి దూరంగా ఉంచిందీ కులమే, అక్షరం లేదన్న నెపంతో ఆమెను సంభాషణ నుంచి తప్పించిందీ కులమే. నాకు దక్కిన ‘మీరు’ రిజర్వేషన్ ద్వారా వచ్చిన చదువుకు, ఉద్యోగానికి దక్కిన మర్యాద. అంబేడ్కర్ ఎత్తిచూపిన నిచ్చెనమెట్ల అసమానతలో నేను రెండు మెట్లు ఎక్కాను. నిచ్చెన అక్కడే ఉంది. ఇప్పటికీ వాడ నుంచి ఒక్కొక్కరం విడివిడిగా ఎక్కి ఆ ‘మీరు’ను సంపాదించుకోవలసి వస్తోంది.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వయోజనురాలైన, నిర్ణయించుకోగల రోగి తరఫున తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లదని చెప్పింది. చికిత్స స్వభావం, ప్రయోజనం, ముప్పు, ప్రత్యామ్నాయాలు రోగికే వివరించి అంగీకారం పొందాలని చెప్పింది. మా పెద్దమ్మ ఆపరేషన్ నాటికి ఆ తీర్పు వచ్చి మూడేళ్లయింది. అయినా సంతకం కొడుకుదే.

దళిత స్త్రీ అగ్రకుల స్త్రీ కంటే సగటున 14.6 ఏళ్లు ముందుగా మరణిస్తోందని ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018 నివేదిక పేర్కొంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 30–49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా రొమ్ము క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారు దేశంలో 0.9 శాతమే. ఆపరేషన్ దాకా వచ్చి మధ్యలో ఆగిపోయినవారిలో ఏ కులాల స్త్రీలు ఎందరు? మన క్యాన్సర్ నమోదు నివేదికలు వయసు, లింగం, అవయవం, ప్రాంతం వారీగా లెక్కలు చెబుతాయి. కులం వారీగా చెప్పవు. లెక్కలో లేని మరణానికి బాధ్యులు కూడా ఉండరు.

ప్రభుత్వ ఆసుపత్రి డాక్టర్ల మీద ఉన్న ఒత్తిడి నాకు తెలుసు. అందుకే నా డిమాండ్లు వ్యక్తుల మీద కాదు, వ్యవస్థ మీద. గడ్డ పరీక్ష ఫలితాన్ని ప్రతి రోగికీ తెలుగులో ఆమెకే చెప్పేందుకు క్యాన్సర్ వార్డుల్లో శిక్షణ పొందిన సలహాదారులను నియమించాలి. బ్రిటన్‌లో రూపొందిన ‘ప్రిడిక్ట్’ అనే ఉచిత ఆన్‌లైన్ సాధనం గడ్డ పరిమాణం, గ్రంథుల సంఖ్య వంటి వివరాలతో కీమో లాభాన్ని అంచనా వేస్తుంది. అది బ్రిటిష్ స్త్రీల సమాచారంతో తయారైంది కాబట్టి మన స్త్రీలకు ఎంత సరిపోతుందో పరిశోధించి వాడాలి. బెంగళూరులో అభివృద్ధి చేసిన కేన్‌అసిస్ట్ బ్రెస్ట్ వంటి పరీక్షలను అర్హులైన పేదలకు ఉచితంగా అందించాలి. పరీక్ష కొనలేని స్త్రీకి అక్కరలేని కీమో ఎక్కించడం కూడా అన్యాయమే. కీమో నడిచే నెలల్లో రోగికి, తోడు వచ్చేవారికి కూలి పరిహారం చెల్లించాలి. ఆపరేషన్ తర్వాత కీమో మూడు నెలలకు మించి ఆలస్యమైతే ఫలితం తగ్గుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. కాబట్టి గడువుకు రాని స్త్రీ ఇంటికి ఆశా కార్యకర్త వారంలోపే వెళ్లాలి.

చివరగా, ‘రోగి చికిత్స మానేసింది’ అని రాసే చోట మరో రెండు గడులు పెట్టాలి. ఆమెకు ఎవరు, ఏ భాషలో, ఏం చెప్పారు? ఆమె ఏమని అడిగింది? మా పెద్దమ్మ ఫైలులో ఆ రెండో గడి ఉండి ఉంటే, అందులో రాయడానికి ఆమె దగ్గర ప్రశ్న సిద్ధంగానే ఉంది.